నిలబడి చెప్పేది, కూర్చుని చెప్పేది

విశాఖుడి ముందు చాప మీద యాభై ఏడు వెదురుపుల్లలు రెండు కుప్పలుగా ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ ఒకటే వచ్చింది.

చెక్కు తీసిన తెల్ల పుల్లలు ఇరవై ఆరు. చెక్కు తీయని పచ్చ పుల్లలు ముప్పై ఒకటి.

నాలుగోసారి చెయ్యి చాపి ఆగిపోయాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పుల్లలు రంగు మార్చుకోవు.

ఆ కొండ మీది విహారంలో మాటలతో తేలని విషయం ఏదైనా వస్తే భిక్షువులు పుల్లలు వేసి తేల్చుకునేవారు. తలా ఒక తెల్ల పుల్ల, ఒక పచ్చ పుల్ల ఇస్తారు. గుడ్డ కప్పిన బుట్టలో తనకు సరైనదనిపించిన పుల్ల వేసి, రెండోది పక్క బుట్టలో పడెయ్యాలి. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు. బుట్ట పట్టినవాడు మాత్రం తన పుల్ల వేయకూడదు. ఒంటరిగా కూర్చుని లెక్కపెట్టి, మర్నాటి ఉదయం సభలో చెబుతాడు. మళ్ళీ లెక్కించేవాళ్ళు లేరు. అతను ఎంత అంటే అంత.

ఈసారి బుట్ట విశాఖుడికి ఇచ్చారు. వయసు ఇరవై మూడే అయినా ఎవరూ అడ్డు చెప్పలేదు. కారణం అతని గురువు.

నందిలాచార్యుడు అక్కడ రాజ్యతంత్రం చెప్పేవాడు. మనుషులు తమను తాము ఎలా పాలించుకుంటారో, ఎవరి మాట చెల్లుతుందో, ఎందుకు చెల్లుతుందో, అదీ ఆయన పాఠం. తాటాకులు చదివించడం తక్కువ. శిష్యుల్ని వర్తకుల సంఘాలకీ ఊరి సభలకీ పంపి, చూసి రమ్మనేవాడు. వచ్చాక ఒకటే పద్ధతి. చూసింది నిలబడి చెప్పాలి. దాని మీద తనకేమనిపించిందో, ఎలా ఉండాలనుకుంటున్నాడో, అది కూర్చుని చెప్పాలి.

విశాఖుడు మొదటిసారి ఒక ఊరి సభ చూసి వచ్చి నిలబడి, "ఆ ఊరిపెద్ద దుర్మార్గుడు, ఆచార్యా," అన్నాడు.

"కూర్చో," అన్నాడు నందిలాచార్యుడు.

అతను కంగారుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు, ఆ మాట. తర్వాత లేచి నిలబడి, ఏం చూశావో చెప్పు."

విశాఖుడు మళ్ళీ లేచాడు. చాలాసేపు ఆలోచించాడు. "ఊరిపెద్ద పెరట్లో మూడు బావులున్నాయి. మిగతా ఊరికి ఒకటే ఉంది. సభలో బావి మాట ఎత్తిన ముసలాయన్ని మాట్లాడనివ్వలేదు."

"అదీ," అన్నాడు ఆచార్యుడు.

కుర్ర భిక్షువులకు ఇదొక ఆటయిపోయింది. పొద్దున గంజి తాగేటప్పుడు ఒకడు లేచి నిలబడి, "గంజిలో ఉప్పు లేదు," అనేవాడు. వెంటనే చతికిలబడి, "ఉండాలి," అనేవాడు. వరసంతా నవ్వేది. ఆచార్యుడు కూడా నవ్వేవాడు.

నాలుగేళ్ళలో ఆ పద్ధతి విశాఖుడికి ఒంటబట్టింది. ఏ సభని చూసి వచ్చినా ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పేవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. కొంచెం గర్వం కూడా ఉండేది. కాకపోతే ఇన్నాళ్ళూ అతను చూసినవన్నీ ఇతరుల ఊళ్ళు, ఇతరుల బావులు.

*

తొమ్మిది రోజుల కింద వరద వచ్చి కొండ కింది సాలెవాడ మునిగిపోయింది. పదకొండు కుటుంబాలు మగ్గాల గుంటలు వదిలేసి, చేతికందినవి పట్టుకుని మెట్లెక్కి వచ్చాయి. భిక్షువులు వాళ్ళకి భోజనశాల ఇచ్చారు.

ఇక వాళ్ళని వానలు పోయేదాకా ఉండనివ్వాలా, రెండు రోజుల నడక దూరంలో ఉన్న నగరానికి పంపాలా అన్నది ప్రశ్న. ఉండనివ్వాలంటే తెల్ల పుల్ల, పంపాలంటే పచ్చ పుల్ల. పంపాలన్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ధాన్యపు కొట్టు చూసే కన్హభిక్షువు సభలో వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. "ఉన్న ధాన్యం మనకైతే రెండున్నర నెలలు. వాళ్ళతో కలిపి నలభై రోజులు. వానలు ఇంకా రెండు నెలలుంటాయి. నగరంలో సత్రముంది, వైద్యుడున్నాడు."

అందులో అబద్ధం ఏమీ లేదు.

కానీ హమ్మ ఉంది.

హమ్మ సాలెవాడ మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. భర్త లేడు. వరదకి రెండు రోజుల ముందు ఆమె తన ఆరేళ్ళ కూతురు చందని వాగు అవతల పుట్టింట్లో దింపి వచ్చింది, పండక్కి నేసే చీర తొందరగా ముగించుకుందామని. ఇంతలో వాగు పొంగింది. పరుగెత్తేటప్పుడు విరిగిన వెదురు మొదలు ఒకటి ఆమె అరికాల్లో దిగింది. కట్టు కట్టించుకుని భోజనశాల గడప దగ్గరే కూర్చునేది. పాప కబురు తెలియక తొమ్మిది రోజులైంది. నగరానికి పంపితే, వాగు దిగిన రోజున ఆమె వాగు దగ్గర ఉండదు.

ఆ వాగు కొండకి వెనక, చెట్ల చాటున ఉంది. విహారం నుంచి కనపడదు. అందులో దాటడానికి తొమ్మిది రాళ్ళు వరసగా వేసి ఉంటాయి. తొమ్మిదీ పైకి తేలితేనే మనిషి దాటగలడు. ఆచార్యుడి కళ్ళకి పొర కమ్మింది కాబట్టి, రోజూ సాయంత్రం విశాఖుడు వెళ్ళి ఎన్ని రాళ్ళు కనపడుతున్నాయో చూసి వచ్చి ఆయనకి చెప్పేవాడు.

ఆ సాయంత్రం లెక్క అయ్యాక పుల్లల బుట్టని అటక మీద పెట్టి వాగుకి వెళ్ళి వచ్చాడు. గడపకి ఒక పక్కన ఆచార్యుడు, ఇంకో పక్కన కాలు చాపుకుని హమ్మ.

"ఎన్ని, నాయనా?"

"ఐదు, ఆచార్యా."

"నిన్న?"

"ఏడు."

ఆచార్యుడు తల ఊపాడు. విశాఖుడు ఆయన పక్కన చేరి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆచార్యా, లెక్క ఒకవైపు, ధర్మం ఒకవైపు ఉంటే, బుట్ట పట్టినవాడు ఏం చెప్పాలి?"

"పట్టింది ఏ బుట్ట?"

"పుల్లల బుట్టే."

"ఊఁ," అన్నాడు ఆయన. వాన వస్తుందేమోనన్నట్టు ఆకాశం వైపు ముఖం తిప్పాడు.

విశాఖుడు లేచి వెళ్ళబోతుంటే హమ్మ చీర కొంగు సర్దుకుంది. రోజూ అడిగేదే అడిగింది.

"వాగెట్టా ఉంది సామీ?"

ఏడు, ఐదు అన్న లెక్క ఆమెకి తెలియదు. వినపడినా, ఆ రాళ్ళు మునిగినవో తేలినవో ఆమెకి ఎవరూ చెప్పలేదు. విశాఖుడు ఆమె ముఖం చూశాడు. తొమ్మిది రోజుల్లో ఆ ముఖం సగమైపోయింది.

"తగ్గుతోందమ్మా," అన్నాడు.

"నిన్నటి మీదనా?"

"నిన్నటి మీద చాలా నయం."

ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆచార్యుడు ఆకాశం వైపు తిప్పిన ముఖం మళ్ళీ ఇటు తిప్పలేదు.

విశాఖుడు నిబ్బరంగా నడిచి వెళ్ళాడు. ఆ మాట ఆమెకి ఎంత ఊరట ఇచ్చిందో కళ్ళారా చూశాడు. రేపటి సభలో కూడా ఏం చెప్పాలో తేల్చుకున్నాడు. తెల్లవి ముప్పై ఒకటి, పచ్చవి ఇరవై ఆరు. చోట్లు మారితే చాలు. ఒక్క పుల్ల కూడా పారెయ్యక్కర్లేదు.

*

పొద్దున్నే మెట్లు ఊడవడం అతని వంతు. తూర్పు ఇంకా బాగా తెల్లారలేదు. పై నుంచి ఊడ్చుకుంటూ పదో మెట్టు దాకా వచ్చేసరికి వెనక కర్ర చప్పుడైంది.

హమ్మ దిగుతోంది. వీపున మూట. నెత్తిన తడి గుడ్డ. ఒక చేత్తో గోడ పట్టుకుని, దెబ్బ తగిలిన కాలిని మునివేళ్ళ మీద ఆనించి, ఒక్కొక్క మెట్టూ దిగుతోంది. ఆమె పక్కనే, ఆమె రెండో చేతిలోని కర్ర కొస పట్టుకుని, నందిలాచార్యుడు.

"ఎక్కడికి, ఆచార్యా?"

"వాగు దగ్గరికి. ఈ తల్లి పాప దగ్గరికి పోతానంటోంది. అవతల ఊళ్ళో నాకూ పనుంది. చాలా రోజులుగా చూడని స్నేహితుడున్నాడు. ఒకరికొకరం తోడు."

హమ్మ నవ్వింది. తొమ్మిది రోజుల్లో ఆమె నవ్వడం విశాఖుడు చూడలేదు. "పెద్దసామికి కళ్ళు లేవు, నాకు కాలు లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి సామీ! నిన్నటి మీద నయమన్నావు గదా. తెల్లారేసరికి ఇంకాస్త తగ్గుంటది. ఒడ్డున కూచునన్నా ఉంటా. తగ్గీ తగ్గగానే దాటేస్తా."

"ఇవాళ వద్దమ్మా," అన్నాడు విశాఖుడు.

"ఎందుకు?" అని అడిగాడు ఆచార్యుడు.

"వాన వచ్చేట్టుంది."

"మబ్బుందా?"

విశాఖుడు పైకి చూశాడు. మబ్బు లేదు.

వాళ్ళు అతన్ని దాటి దిగారు. పదకొండు. పన్నెండు. ఆమె మూటలోంచి ఒక చిన్న గుడ్డబొమ్మ చెయ్యి బయటికి వేలాడుతోంది. మగ్గం దగ్గర్నుంచి చేతికంది వచ్చిన రంగు దారాలతో ఈ తొమ్మిది రోజుల్లో చేసి ఉంటుంది. పదమూడో మెట్టు మీద ఆమె అడుగు పడిన చోట ఎర్రటి మచ్చ కనిపించింది. కట్టు తడిసింది. ఆమె చూసుకోలేదు.

"తల్లీ, మెట్టు చెప్పు," అన్నాడు ఆచార్యుడు.

"దిగండి సామీ. ఇంకోటి. ఆఁ, అంతే."

ఆయన కాలు గాల్లో ఒక్క క్షణం తడుముకుని, ఆమె చెప్పిన చోటే ఆనింది. ఆమె చెప్పిందంటే అక్కడ మెట్టు ఉంటుంది. ఆయనకి అనుమానం లేదు.

విశాఖుడి చేతిలోంచి చీపురు జారింది. నాలుగు మెట్లు ఒక్కసారి దూకి వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు.

"తగ్గలేదు! వాగు తగ్గలేదమ్మా. మొన్న ఏడు రాళ్ళు కనపడ్డాయి. నిన్న ఐదే. పెరుగుతోంది."

హమ్మ కాసేపు అర్థం కానట్టు చూసింది.

"తగ్గుతోందన్నావుగా?"

"అన్నాను."

"ఎందుకన్నావు?"

"తగ్గాలని కోరుకున్నాను."

ఆమె గోడకి ఆనుకుని మెల్లగా మెట్టు మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"కోరుకోవడానికి నేను లేనా సామీ? పగలూ రాత్రీ అదే పనిలో ఉన్నా. అందులో నాకు సాయమెందుకు? నేను చూడలేను గనక నీ కళ్ళడిగాను. అవి ఇవ్వకపోతివి."

విశాఖుడు తల వంచుకున్నాడు. ఆచార్యుడు చెయ్యి చాపి తడిమి అతని భుజం పట్టుకున్నాడు. ఆ చెయ్యి బరువుగా లేదు.

"నాయనా, ఆమె కాలికి కొత్త కట్టు కట్టించు. తర్వాత సభకి వేళవుతుంది."

*

పెద్దలతో, విశాఖుడితో కలిపి సభలో యాభై ఎనిమిది మంది. భిక్షువులు వరసలుగా కూర్చున్నారు. ఎదురుగా అరుగు మీద పెద్దలు. విశాఖుడు బుట్ట పట్టుకుని నిలబడ్డాడు.

"ఉండనిద్దామన్న తెల్ల పుల్లలు ఇరవై ఆరు. పంపిద్దామన్న పచ్చ పుల్లలు ముప్పై ఒకటి."

ఎవరో నిట్టూర్చారు. ఎవరో సణిగారు. విశాఖుడు బుట్టని అరుగు మీద పెట్టి, నడిచి వెళ్ళి, వరసలో తన చోటులో కూర్చున్నాడు. అప్పుడు మాట్లాడడానికి అనుమతి అడిగాడు. పెద్దలు సరేనన్నారు.

"నిన్న సాయంత్రం నేను ఈ లెక్క తిప్పి చెప్పాలనుకున్నాను," అన్నాడు. "చెబితే మీకెవరికీ తెలిసేది కాదు. ఆ అమ్మకి వాగు గురించి అలాగే తిప్పి చెప్పాను. అది తప్పు. లెక్క ముప్పై ఒకటే. ధాన్యం నలభై రోజులే అని కన్హభిక్షువు చెప్పిందీ నిజమే. నేను వెళ్ళి గాదె చూశాను. అయినా వాళ్ళు వాగు దిగేదాకా ఇక్కడే ఉండాలని నా కోరిక. మనం ఒంటిపూట తినేది అరపూట అయినా సరే. అదే సరైనదని పుల్లలు చూపించి రుజువు చెయ్యలేను. నాకు అలా అనిపిస్తోంది, అంతే."

తేలిపోయినదాన్ని మళ్ళీ తెరవాలంటే, నెగ్గిన వైపు పుల్ల వేసినవాడే అడగాలి. అది ఆ విహారం కట్టడి.

మొదటి వరసలో కన్హభిక్షువు మోకాళ్ళు పట్టుకుని కష్టంగా లేచాడు.

"నేను పచ్చ పుల్ల వేశాను. ఇది అందరికీ తెలిసిందే." గొంతు సవరించుకున్నాడు. "మళ్ళీ వేద్దామని అడుగుతున్నాను. ఇవాళ ఎటు వేస్తానో మాత్రం చెప్పను."

"మీరు ఎటూ వేయలేరు," అన్నాడు విశాఖుడు. "ఈసారి బుట్ట మీరు పట్టుకోండి. నాకు వేయడానికి ఒక పుల్ల ఉంది."

వెనక వరసలో కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. "చూశారా, నా నోరు కట్టేశాడు!" అన్నాడు కన్హభిక్షువు. కానీ బుట్ట తీసుకున్నాడు.

మర్నాటి ఉదయం అతను నిలబడ్డాడు. ఎంత సేపు లెక్కపెట్టాడో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పచ్చవి ఇరవై ఎనిమిది. తెల్లవి ఇరవై తొమ్మిది. వాళ్ళు ఉంటారు."

బుట్ట దించి తన చోటుకి వెళ్ళి కూర్చున్నాడు. కూర్చున్నాక అన్నాడు, ఎవరినీ చూడకుండా. "ధాన్యం చాలదు. నాకు భయంగా ఉంది."

"నాక్కూడా, కన్హా," అన్నాడు నందిలాచార్యుడు.

*

ఆ సాయంత్రం విశాఖుడు వాగు నుంచి తిరిగి వచ్చేసరికి ఇద్దరూ గడప దగ్గరే ఉన్నారు. హమ్మ ఒళ్ళో గుడ్డబొమ్మ ఉంది. దానికి జడ అల్లుతోంది. అతన్ని చూసి వేళ్ళు ఆగాయి. అడగాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆలోచించింది. అడిగింది.

"వాగెట్టా ఉంది సామీ?"

విశాఖుడు ఆమె ముందు నిలబడ్డాడు.

"నాలుగు రాళ్ళమ్మా. అంతకుముందు ఐదు. ఇంకొకటి మునిగింది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవతలి గట్టున పొగ రెండు చోట్ల లేస్తోంది. అది ఏ ఊరి పొగో నాకు తెలియదు."

ఆమె విన్నది. ఒక్కొక్కటీ లోపల దాచుకుంటున్నట్టు తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని చూపు అతని మీంచి తీయలేదు.

"రెండు చోట్ల," అంది.

"రెండు చోట్ల."

ఆచార్యుడు గడపకి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు.

విశాఖుడు ఇంకా నిలబడే ఉన్నాడు. తర్వాత, ఆమె కూర్చున్న దానికి ఒక మెట్టు కింద, కట్టు కట్టిన ఆమె కాలికి తగలకుండా, కూర్చున్నాడు.

"తగ్గాలి," అన్నాడు.

"తగ్గాలి సామీ," అంది హమ్మ.